బత్తాయి తోట అమ్మి అమెరికాకు పంపాలా?

ప్రశ్న: మాది నల్గొండ దగ్గర పల్లె. మా అబ్బాయి మెకానికల్ బీటెక్ పూర్తయి ఏడాదైంది, ఇంట్లోనే ఉంటున్నాడు. మూడెకరాల బత్తాయి తోట అమ్మి ఎంఎస్‌కు పంపుదామనుకుంటున్నాను. అమెరికా మంచిదా, జర్మనీ మంచిదా? డబ్బున్న దేశాలు కాబట్టి అక్కడికి పోతే ఇక కష్టాలుండవు కదా సార్?

జవాబు: అన్నా, తోటకు బయానా తీసుకున్నారా? తీసుకోకపోతే ఆగండి.

ఇదే ప్రశ్న నన్ను మిర్యాలగూడ వాళ్లు అడుగుతారు, పాలమూరు వాళ్లు అడుగుతారు. దేశం పేరు మారుతుంది గానీ లోపలి భయం ఒక్కటే, చుట్టాల పిల్లలంతా పోయారు, మావాడు ఇంట్లో కూర్చున్నాడు, నలుగురూ అడిగితే ఏం చెప్పాలి అని.

దేశం దగ్గర డబ్బుంటే అక్కడ బతికే ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటుందనుకోకండి. అమెరికాలో 2024 జనవరిలో లెక్క తీస్తే ఒక్క రాత్రిలో ఇల్లు లేనివాళ్లు 7.7 లక్షల మందికి పైగా తేలారు. ఆరోగ్య బీమా లేనివాళ్లు రెండున్నర కోట్లకు పైనే. అక్కడి పిల్లలే చదువు అప్పుల్లో ఉన్నారు, ఒక్క ప్రభుత్వ రుణాల బాకీయే 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటింది. జర్మనీ కార్ల దేశమే, కానీ 2023లో, 2024లో వరుసగా అక్కడి ఆర్థిక వ్యవస్థ కుంగింది, 2030 నాటికి 35,000 ఉద్యోగాలు తగ్గించుకుంటామని ఫోక్స్‌వాగన్ ప్రకటించింది. మీవాడిది మెకానికల్ కాబట్టి ఇది చెప్తున్నా.

నా అనుమానమంతా ఈ అమెరికా ఎంఎస్ దారి మీదే. చదువయ్యాక ఓపీటీ మీద, అంటే చదివిన రంగంలో పనిచేసుకోమని విద్యార్థులకిచ్చే అనుమతి మీద, మూడేళ్ల దాకా పనిచేయొచ్చు, నిజమే, కానీ మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే అక్కడ ఉండే హక్కుకే ఎసరు. ఇక్కడ ఏడాది నుంచి మీ ఇంట్లో అన్నం తిని ఆలోచించుకుంటున్నాడు, అక్కడ ఆ వీలు మూడు నెలలే. ఆ తర్వాత హెచ్1బీ అనే ఉద్యోగ వీసాకు లాటరీ, ఏడాదికి 65,000 వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000, వాటికి ప్రపంచమంతా పోటీ. ఇంటి దగ్గర మిత్తి పెరుగుతుంటే, ఫోన్లో అమ్మకు బాగున్నానని చెప్పి, నాన్నకు మాత్రం చెప్పకండి సార్ అంటూ అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చిన పిల్లలున్నారు.

మీరు రాసినదాంట్లో తోట ఎన్నెకరాలో ఉంది, మీ అబ్బాయికి ఏమిష్టమో ఒక్క ముక్క లేదు. కోపం తెచ్చుకోకండి, కానీ ఇది మీ తప్పే. బత్తాయి మొక్క పెట్టి కాపుకు నాలుగైదేళ్లు ఆగిన మనిషి, కొడుకు దగ్గర ఒక్క ఏడాదికే ఇంత టెన్షన్ పడితే ఎట్లా?

ఏడాది పోతే ఏమీ మునిగిపోలేదన్నా, నా మాట నమ్మండి. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒకటి గట్టిగా నేర్చుకుని, హైదరాబాద్‌లో జీతం తక్కువైనా రెండేళ్లు పనిచేయనివ్వండి. అప్పటికీ పోవాలనిపిస్తే జర్మనీ చూడొచ్చు, ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, వీసాకు ఏడాది ఖర్చుల కింద 11,904 యూరోలు ఖాతాలో చూపించాలి. ఆ భాష మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. అమెరికాయే కావాలంటే వెళ్లనివ్వండి, కానీ తోట అమ్మి కాదు.

ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి, నీకేం చేయాలనుంది బిడ్డా అని. జవాబు నాకు మీరు రాయొద్దు, తననే రాయమనండి.