చిగుళ్ల నీటి మీద రీసెర్చ్ చేస్తానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది బరంపురం. మా అమ్మాయి భువనేశ్వర్‌లో బీడీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. చదువు అవగానే ఇక్కడే గాంధీనగర్ వైపు క్లినిక్ పెట్టిద్దామని అనుకున్నాం. తనేమో చిగుళ్ల సందుల్లో ఊరే నీటిని పరీక్షించే క్లినికల్ రీసెర్చ్ చేస్తానంటోంది. ఈలోగా ఒక సంస్థవాళ్లు ఫోన్ చేసి, ఆర్నెల్ల క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఫీజు కట్టమంటారా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి)

జవాబు: ఫీజు కట్టకండి. మీ అమ్మాయి చేస్తానంటున్న పనికీ, వాళ్లు అమ్ముతున్న కోర్సుకీ సంబంధం లేదు. ఆ డిప్లొమాల దారి హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పోతుంది. అక్కడ మందుల ట్రయల్స్ ఫైళ్లు, పేషెంట్ల డేటా, సైడ్ ఎఫెక్టుల రిపోర్టులు చూస్తారు. మంచి ఉద్యోగాలే, బీడీఎస్ చేసి అటు వెళ్లినవాళ్లూ ఉన్నారు. కాకపోతే అక్కడ చిగుళ్లు కంటికి కనబడవు. తనకు చిగుళ్ల నీరే కావాలంటే బీడీఎస్ తర్వాత ఎండీఎస్ అనే మూడేళ్ల పీజీ చేయాలి, అందులోనూ పెరియోడాంటాలజీ, అంటే చిగుళ్ల విభాగం తీసుకోవాలి. ఎండీఎస్‌లో థీసిస్ తప్పనిసరి. మన దగ్గర ఈ ద్రవం మీద జరిగే పని ఎక్కువగా ఆ థీసిస్‌లలోనే కనిపిస్తుంది.

ఆ కాస్త నీళ్లలో ఏముందని మీకు అనిపించవచ్చు. పంటికీ చిగురుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో దాని లోతు మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. చిగురు వాచినప్పుడు ఆ సందులోకి ద్రవం ఎక్కువగా ఊరుతుంది. వాపును నడిపించే ప్రొటీన్లు, చిగురును గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్‌ను తెగ్గొట్టే ఎంఎంపీ-8 లాంటి ఎంజైములు అందులో దొరుకుతాయి. డాక్టరు ప్రోబ్ (కొలత గీతలున్న సన్నటి పుల్ల) పెట్టి లోతు కొలిచినా, ఎక్స్‌రే తీసినా తెలిసేది ఇప్పటికే జరిగిపోయిన నష్టం. పంటి కింద ఎముక ఇవాళ కూడా కరుగుతోందా, కరగడం ఆగిందా అన్నది వాటిలో తెలియదు. దానికి జవాబు ఈ ద్రవంలో దొరుకుతుందేమోనని దశాబ్దాలుగా వెతుకుతున్నారు. ప్రోబ్‌ను పక్కన పెట్టించే పరీక్ష ఇంకా రాలేదు కాబట్టి మీ అమ్మాయి తరానికి చేతినిండా పని మిగిలే ఉంది.

ఆ పని ఎలా ఉంటుందో తెలిస్తే మీ టెన్షన్ తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. లాలాజలం తగలకుండా పంటి పక్కన దూది చుట్టలు పెడతారు. పంటి మీద పాచి తీసి, గాలితో మెల్లగా ఆరబెట్టి, సన్నటి ఫిల్టర్ పేపర్ ముక్కను సందులోకి దించి 30 సెకన్లు ఉంచుతారు. తీశాక దాని మీద రక్తపు మరక కనబడిందా, ఆ ముక్క చెత్తబుట్టలోకే. కాగితం పీల్చుకునే ద్రవం తరచూ ఒక మైక్రోలీటరు కూడా ఉండదు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. కాస్త ఆలస్యమైతే అదీ ఆవిరైపోతుంది. అందుకే అక్కడికక్కడే పెరియోట్రాన్ అనే యంత్రంలో కొలిచి, తర్వాతి పరీక్షల కోసం మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తారు. చేతి నేర్పు, ఓపిక లేనివాళ్లతో అయ్యే పని కాదు. రీసెర్చ్ అంటే పేషెంట్ల గొడవ లేకుండా కంప్యూటర్ ముందు కూర్చోవడమని తను అనుకుంటూ ఉంటే, ఆ భ్రమ ఇప్పుడే తీరిపోవడం మంచిది.

ఇక బరంపురం పిల్ల కావడం ఈ రంగంలో లాభమనే నేనంటాను. చిగుళ్ల జబ్బును స్టేజీలుగా, గ్రేడ్లుగా విడదీసే అంతర్జాతీయ వర్గీకరణ ఒకటి 2018లో వచ్చింది. గ్రేడు వేసేటప్పుడు పొగ అలవాటునూ షుగరునూ చూస్తారు. రోజుకు 10 సిగరెట్లు, ఆపైన తాగినా, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 శాతం, ఆపైన ఉన్నా గ్రేడు ‘సి’కి, అంటే జబ్బు వేగంగా ముదిరే కోవకి వెళ్తుంది. మరి పొద్దున్నే గుడాకుతో, అంటే పొగాకు ముద్దతో పళ్లు రుద్దుకునే మన గంజాం ఆవిడకు ఆ పట్టికలో గడి ఏదీ? ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం వైపు వెళ్తే, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఉన్నారు. ఆంధ్రలో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి ఈ అడ్డపొగ మీద రాసిన అధ్యయనం 1971లోనే వచ్చింది. అందులో చూసింది అంగిలిలో వచ్చే మార్పులు. అలాంటి నోళ్లలో చిగుళ్ల ద్రవం ఏం చెబుతుందన్నది మీ అమ్మాయి పట్టుకోదగ్గ ప్రశ్న. పైగా పొగ తాగేవాళ్లకు చిగుళ్ల నుంచి రక్తం తక్కువ కారుతుంది, జబ్బు ముదిరేదాకా బయటపడదు. అలాంటివాళ్లను ఒప్పించి కుర్చీలో కూర్చోబెట్టడానికి, సమ్మతి పత్రంలో ఏముందో అర్థమయ్యేలా చెప్పడానికి, మూడు నెలల తర్వాత మళ్లీ రప్పించడానికి ఒడియా, తెలుగు రెండూ వచ్చిన డాక్టరు కావాలి. పేషెంట్ మళ్లీ రాకపోతే రీసెర్చ్ సగంలో ఆగిపోవచ్చు.

పెద్ద యంత్రాలు లేకపోతే ఏమీ చేయలేమన్న మాట కూడా నమ్మనివ్వకండి. 1965లో డెన్మార్క్‌లో 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం తిరిగేసరికి తగ్గాయి. పాచి వల్లే చిగుళ్లు వాస్తాయని తేల్చింది ఆ చిన్న ప్రయోగమే.

ఇప్పుడు చేయాల్సింది ఒకటుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఇస్తారు. కాలేజీలో ఒక గైడ్‌ను చూసుకుని, రెండు నెలల్లో అయ్యే చిన్న ప్రాజెక్టు రాసి పంపాలి. ఈసారి నోటిఫికేషన్‌లో ఏ సంవత్సరంవాళ్లకు అర్హత ఉందో తననే చూసుకోమనండి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా పేషెంట్‌ను ముట్టుకోకూడదన్న సంగతి ఆ రెండు నెలల్లోనే ఒంటబడుతుంది. ఈ పని తనకు నచ్చుతుందో లేదో కూడా తేలిపోతుంది, అదీ మీకు రూపాయి ఖర్చు లేకుండా.

డబ్బు విషయం దాచను. ఒక్క చిగుళ్ల వైద్యం మీదే చిన్న ఊళ్లో క్లినిక్ నిలబడటం కష్టం. చాలామంది పగలు కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంప్లాంట్లు, మామూలు కేసులు చూసుకుంటారు. కాబట్టి మీ క్లినిక్ ఆలోచనకు ఢోకా లేదు, కొన్నేళ్లు వెనక్కి జరుగుతుందంతే. సీటు విషయంలో కొంత ఊరట ఉంది. ఆర్థో (వంకర పళ్లు సరిచేయడం), ఎండో (రూట్ కెనాల్), ఓరల్ సర్జరీ సీట్ల కోసం ఉన్నంత తొక్కిసలాట పెరియోకు ఉండదు. ప్రభుత్వ కాలేజీల ఎండీఎస్ సీట్లలో సగం ఆల్ ఇండియా కోటాలో ఉంటాయి కాబట్టి, నీట్ ఎండీఎస్ ర్యాంకు బాగుంటే కటక్ ఎస్సీబీతో పాటు విజయవాడ, హైదరాబాద్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలకు కూడా ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ప్రైవేటు కాలేజీకి వెళ్లాల్సి వస్తే మాత్రం ఫీజు ఒక్కటే అడిగి రాకండి. ద్రవంలో ప్రొటీన్లు కొలిచే ఎలైసా పరీక్షలు ఎక్కడ చేయిస్తారు, ఆ కిట్ల ఖర్చు ఎవరిది అని అక్కడి సీనియర్లను అడగమనండి. చాలాసార్లు అది విద్యార్థి జేబులోంచే పోతుంది.