చెల్లె ఫోను అన్న చేతిలో ఎందుకుంది?

దేవరకొండ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది, కుదించి ఇస్తున్నాను. "మా పాపకు పదిహేనేండ్లు, టెన్త్ చదువుతున్నది. మా ఆయన హైదరాబాద్‌ల కారు నడుపుతడు, పదిహేను రోజులకోసారి వస్తడు. ఇంట్ల ఫోన్ల సంగతంతా డిగ్రీ చదివే మా బాబే చూసుకుంటడు. వాడు ఆడపిల్ల పేరు మీద ఇన్‌స్టాగ్రామ్‌ల ఐడీ చేసి చెల్లెకు రిక్వెస్ట్ పెట్టిండు. ఇది ఒప్పుకొని మాట్లాడింది, క్లాసుల ఒక పిలగాడు మంచిగ అనిపిస్తడని చెప్పింది. బాబు ఆ స్క్రీన్‌షాట్లు వాళ్ల నాయనకు, చిన్నాయనకు పంపిండు. ఇంట్ల పెద్ద గొడవైంది. టెన్త్ కాంగనే పెండ్లి చేద్దామని చిన్నాయన అంటుండు. పాప ఐడీ తీసేపిచ్చినం. ఇప్పుడు ఇంకోటి పెట్టుకున్నదట. దానికి తెల్వకుండ మెసేజులన్నీ నా ఫోన్ల కనపడే యాప్ ఏదన్న ఉంటే చెప్పండి."

అమ్మా, ఆ యాప్ పేరు నేను చెప్పను. అలాంటివి ఎక్కువగా ప్లే స్టోర్‌లో దొరకవు, బయటి సైట్ల నుంచి దించుకోవాలి. మొదట, చెడ్డ యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్‌ను ఆపెయ్యమంటాయి. తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. అది ఇచ్చాక తెర మీద కనపడే మాటలు, వచ్చే ఓటీపీలు, దిగిన ఫోటోలు ఎవరిదో తెలియని సర్వర్‌కు పోతాయి. మీ బిడ్డ ఫోటోలు మీకంటే ముందు వాళ్లు చూడగలరు. ఇంత చేసినా, ఆమె స్నేహితురాలి ఫోన్‌లో లాగిన్ అయితే మీకేమీ కనపడదు.

మీ ఉత్తరం చదివాక నాకు గుబులు పుట్టింది మీ బాబును గురించి. పెద్దపిలగాడు ఆడపిల్ల వేషంలో మాట కలిపాడు. నమ్మించి మనసులో మాట లాగాడు. దాన్ని నలుగురికీ చూపించాడు. బయటివాడెవడన్నా మీ బిడ్డతో ఇదే పని చేస్తే మీరు పోలీస్ స్టేషన్‌కు పోయేవారు. కొడుకు చేశాడు కాబట్టి "చూసుకుంటున్నడు" అంటున్నారు. వాడి ఫోన్ ఎవరు చూస్తున్నారమ్మా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

పిల్లలను ఆన్‌లైన్‌లో బెదిరించేవాడికి బలం ఒక్క మాటలో ఉంటుంది: "మీ ఇంట్ల చెప్తా." ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో మీ బిడ్డ కండ్లారా చూసింది. మాట చిన్నాయన దాకా పోయింది, పెండ్లి ముచ్చట మొదలైంది. రేపు నిజంగా ఎవడన్నా ఫోటో పట్టుకొని బెదిరిస్తే ఆమె మీ దగ్గరికి రాదు, వాడు చెప్పినట్టు వింటుంది. ఆ దారి మీ కొడుకే వేశాడు, వాడికి పెత్తనం మీరిచ్చారు.

ఆ రెండో ఐడీ సంగతి కూడా ఆలోచించండి. దొరకకూడదనుకునే పిల్లలు చాలామంది పుట్టిన సంవత్సరం మార్చి పద్దెనిమిది దాటినట్టు పెడతారు. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో కూడా ఇన్‌స్టాగ్రామ్ పద్దెనిమిది లోపు పిల్లలకు టీన్ అకౌంట్ ఇస్తున్నది. అది మొదటి నుంచీ ప్రైవేటుగా ఉంటుంది, ఆమె ఫాలో కాని కొత్తవాళ్లు మెసేజ్ పెట్టలేరు. రోజుకు 60 నిమిషాలు దాటితే ఆపమని గుర్తు చేస్తుంది. రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. పదహారేండ్ల లోపు పిల్లలు వీటిని సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి. తప్పుడు వయసు పెడితే ఈ రక్షణ అందకపోవచ్చు. మీరు ఇంట్లో గట్టిగా కాపలా కాసి, బిడ్డను కాపలా లేని చోటికి తోలారు.

చేయాల్సిన పని చెప్తాను. ముందు బాబును కూర్చోబెట్టండి. ఆ దొంగ ఐడీని మీ ముందే తీసేయాలి. చెల్లె ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, లింక్డ్ డివైజెస్ చూడండి. అక్కడ బాబు కంప్యూటరో, బ్రౌజరో కనపడితే లాగౌట్ చేయించండి. ఒక్కసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుకుంటే చాలు, ఆమె మెసేజులు అవతల కనపడుతూనే ఉంటాయి, చాలా ఇండ్లలో ఇదే జరుగుతున్నది. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ ఆమెనే పెట్టుకోనివ్వండి. ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా అకౌంట్స్ సెంటర్‌లోకి పోయి, పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ కింద ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి, తెలియనివి తీసేయించండి. ఇక మీదట ఆమె ఫోన్ ముట్టే హక్కు అన్నకు లేదని ఆమె ముందరే వాడికి చెప్పాలి. చాటుగా చెప్తే ఆమె నమ్మదు.

వాడు స్క్రీన్‌షాట్లు పంపిన అలవాటు గురించి కూడా గట్టిగా చెప్పండి. ఈసారి మాటలే ఉన్నాయి. మైనరు పిల్ల అసభ్యమైన ఫోటో ఏదన్నా ఉంటే, రుజువని ఇంట్లోవాళ్లకు పంపినా సరే, ఐటీ చట్టం 67బీ సెక్షన్ కింద నేరం కావచ్చు.

ఆ తర్వాత బిడ్డ దగ్గరికి పోండి. మీ పేరు మీద ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరవండి, ఎట్లా తెరవాలో ఆమెనే అడగండి. సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ సెంటర్ అని ఉంటుంది. అక్కడి నుంచి సూపర్‌విజన్‌కు పిలుపు పంపితే ఆమె ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక గడిచిన ఏడు రోజుల్లో ఎవరితో మెసేజులు నడిచాయో మీకు కనపడుతుంది, ఏం రాసుకున్నారో కనపడదు. రోజుకు ఎంతసేపో మీరు గడువు పెట్టొచ్చు. ఒక తల్లికి ఇంత తెలిస్తే చాలు. ఆ ఖాతా బాబు ఫోన్‌లో తెరిచారో, మళ్లీ మొదటికొస్తుంది. కొత్త ఐడీలో పుట్టిన తేదీ సరిచేసుకొమ్మని మాత్రం పట్టుబట్టండి. రాత్రి పది తర్వాత ఇంట్లో ఫోన్లన్నీ, బాబుదీ మీదీ కూడా, ముందరి అర్రలో చార్జింగ్‌కు పెట్టాలి. ఒక్కదానిదే గుంజుకుంటే అది శిక్ష అవుతుంది.

అడగకుండా ఫోన్ చూడాల్సిన సమయం కూడా ఉంటుంది. అన్నం మానేసి, మెసేజ్ వస్తే వణుకుతూ, ఎవరికో డబ్బులు పంపుతూ ఉంటే ఆగొద్దు. అప్పుడైనా ఆమె ఎదురుగానే చూడండి. ఎవడన్నా బెదిరిస్తున్నాడని తెలిస్తే చాట్ డిలీట్ చేయొద్దు, వాడి ఐడీ, తేదీ కనపడేటట్టు స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, పైసా ఇవ్వొద్దు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, పిల్లల కోసం ఉన్న 1098కి గానీ ఫోన్ చేయండి. ఆడపిల్లల మీద వేధింపులు చూసే పోలీసుల షీ టీమ్ జిల్లాలో ఉంది. ఫోటో బయటికి పోయిందన్న భయముంటే, పద్దెనిమిది లోపు పిల్లల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫోటోను పైకి పంపకుండానే దాని గుర్తును మాత్రం తీసుకొని, అందులో చేరిన సైట్లలో ఆ ఫోటోను ఆపడానికి అది తోడ్పడుతుంది.

చిన్నాయన మాటకు సమాధానం మీ ఆయన నోటి నుంచే రావాలి. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెండ్లి చేయడం నేరం, చేసినవాళ్లూ దగ్గరుండి చేయించినవాళ్లూ కేసులో ఇరుక్కుంటారు. ఆయన ఈసారి వచ్చినప్పుడు తమ్మునికి ఫోన్ చేసి, ఆమె ఇంటర్ చదువుతుందని, ఈ ముచ్చట మళ్లీ ఎత్తొద్దని చెప్పాలి. ఆ మాట మీ బిడ్డ చెవిన పడాలి.

క్లాసులో పిలగాని సంగతి నేను పట్టించుకోను, మీరూ పట్టించుకోకండి. ఆ వయసులో ఒకరు మంచిగ అనిపిస్తారు.

ఆమె మొదటిసారే సూపర్‌విజన్‌కు ఒప్పుకోదు. ఇంత జరిగాక ఎందుకు ఒప్పుకుంటుంది? రెండు వారాలు ఆగి మళ్లీ మీరే అడగండి. ఎందుకు ఒప్పుకోలేదో కనుక్కొని రమ్మని బాబును మాత్రం పంపకండి.