కడప బండకు దిమ్మెలు ఎక్కడ కట్టాలి?

ప్రశ్న: ఇంటి ముందు కూర్చోవడానికి 8 అడుగుల కడప బండ వేయించాం. దిమ్మెలు చివరల్లో కట్టమంటే తాపీమేస్త్రి వినకుండా చెరొక మూరెడు లోపలికి జరిపి కట్టాడు. దీనికి లెక్క ఉందా, ఉత్త అలవాటేనా? నడుమ మూడో దిమ్మె కూడా కడితే మరింత భద్రం కాదా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: లెక్క ఉంది, దానికి పదో తరగతి వర్గ సమీకరణం చాలు. రాయి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది గాని లాగుడుకు తట్టుకోదు. దిమ్మెలు చివరల్లో ఉంటే బండ నడుమ కిందికి వంగి, దాని అడుగుభాగం లాగుడుకు లోనవుతుంది. లోపలికి జరిపితే నడుమ వంపు తగ్గుతుంది గాని, బయటికి వేలాడే ముక్క బరువుకు దిమ్మె నెత్తిన బండ పైభాగం లాగుడుకు గురవుతుంది. రెండు చోట్లా వంచే బలం, అంటే బెండింగ్ మూమెంట్, సమానమయ్యేలా దిమ్మెలు ఉండాలి.

బండ పొడవు 1, బరువు 1, చివర నుంచి దిమ్మెకు దూరం ‘ద’ అనుకుందాం. దిమ్మె మీద మూమెంట్ ద²/2, నడుమ 1/8 − ద/2. రెండూ సమానమైతే ద² + ద = 1/4; అంటే ద = (√2 − 1)/2, సుమారు 0.207. మీ బండకు ఇది 20 అంగుళాలు. చివరల్లో దిమ్మెలుంటే 0.125 ఉండే గరిష్ఠ మూమెంట్ ఇక్కడ 0.0214కు, అంటే దాదాపు ఆరోవంతుకు దిగుతుంది.

అయితే బండ మీద మనుషులు కూర్చుంటారు కదా. అడుగున్నర వెడల్పు, 2 అంగుళాల మందం ఉంటే అది సుమారు 150 కిలోలు తూగుతుంది. 70 కిలోల మనిషి కొసన కూర్చున్నప్పుడు దిమ్మె మీద వచ్చే మూమెంట్‌నూ, నడుమ కూర్చున్నప్పుడు అక్కడ వచ్చే మూమెంట్‌నూ సమానం చేస్తే 75ద² + 180ద = 36.25 వస్తుంది. ద విలువ 0.187, అంటే 18 అంగుళాలు: సరిగ్గా మూరెడు! మీ మేస్త్రికి ఈ సమీకరణంతో ఎన్నడూ పని పడి ఉండదు.

మూడో దిమ్మె మాత్రం వద్దు. 1638లో అచ్చయిన తన గ్రంథంలో గెలీలియో ఒక పాలరాతి స్తంభం ముచ్చట చెప్పాడు: రెండు దుంగల మీద పడుకోబెట్టిన ఆ స్తంభానికి భద్రత కోసమని నడుమ మూడో ఆధారం పెడితే, కొన్ని నెలలకు సరిగ్గా ఆ ఆధారం మీదే అది విరిగింది. కొసనున్న దుంగ ఒకటి చివికి కుంగిపోగా, నడిమిది గట్టిగా నిలవడమే కారణం. గుంటూరు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే నేల కాబట్టి, మూడు దిమ్మెలూ ఒకే మట్టంలో నిలుస్తాయన్న భరోసా లేదు. కొస దిమ్మె కుంగితే సగం బండ గాలిలో వేలాడి, మనం తప్పించుకున్న 0.125 మళ్లీ నడుమ దిమ్మె మీదికి వస్తుంది. దిమ్మెలు రెండే అయితే, ఒకటి కాస్త కుంగినా బండ వాలుతుందే గాని లోపలి మూమెంట్లు దాదాపు మారవు.