ఎలుకల జన్యువు సంగతి సరే, అమ్మ మాత్రలు మీరెందుకు వేసుకుంటున్నారు?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వయసు 31, రొయ్యల చెరువులు చూసుకుంటాను. ఆరు నెలలుగా గుండె దడ, నిద్ర పట్టదు, ప్రతిదానికీ టెన్షన్. అమ్మకూ ఇదే బాధ. సెరటోనిన్ జన్యువు పనిచేయని ఎలుకలు భయంభయంగా ఉంటాయని చదివాను. అమ్మ నుంచి నాకూ అదే వచ్చిందా? టెస్టు ఎక్కడ చేస్తారు? అమ్మకు రాసిన ఎస్సిటాలోప్రామ్ రెండు నెలలుగా నేనూ వేసుకుంటున్నా, బాగున్నప్పుడు మానేస్తున్నా. నడుం నొప్పికి అప్పుడప్పుడు ట్రమడాల్.

జవాబు: మీరు అడిగింది జన్యువు గురించి, నా కన్ను పడింది మాత్రం చివరి రెండు వాక్యాల మీద.

ఆందోళనకి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, ఆ రెండు మందులూ సెరటోనిన్‌ని, అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనాన్ని, పెంచేవే. కలిపి వేసుకున్న ప్రతివాళ్ళకీ ఏదో అయిపోతుందని కాదు, కానీ కొందరికి వణుకు, ఒళ్ళంతా చెమటలు, విరేచనాలు, జ్వరం, కండరాలు బిగుసుకోవడం, ఫిట్స్ దాకా వెళ్తుంది. అలాంటిదేమైనా కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, నేరుగా ఎమర్జెన్సీకే. డాక్టర్ చూసేదాకా ట్రమడాల్ జోలికి పోవద్దు.

ఇక బాగుంటే మానేయడం, బాగోకపోతే వేసుకోవడం. అది తలనొప్పి మాత్ర కాదండీ. పని తెలియడానికే రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారం పది రోజులు కొందరికి దడ ఇంకా పెరుగుతుంది కూడా, హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చికాకు, నిద్ర లేకపోవడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం. జబ్బు తిరగబెట్టిందని మీరు భయపడ్డ రోజుల్లో కొన్ని మాత్ర మానిన రోజులే అయ్యుండొచ్చు! ఇంట్లో ఒకరికి పనిచేసిందని ఇంకొకరు వేసుకోవడం మా ఓపీలో రోజూ చూసేదే, చదువుకున్నవాళ్ళే ఎక్కువ.

ఎలుకల విషయం మీరు చదివింది తప్పు కాదు. సెరటోనిన్ కబురు అందుకునే రిసెప్టర్లలో (కణం మీది గ్రాహకాల్లో) 1ఎ అనే రకానికి చెందిన జన్యువు తీసేసిన ఎలుకలు బయలు ప్రదేశంలోకి రావడానికి జంకుతాయని 1998లో మూడు ల్యాబ్‌లు విడివిడిగా చూపించాయి. 1బి రిసెప్టర్ లేని ఎలుకలైతే 1994లోనే, కొత్త ఎలుక కనిపిస్తే చాలు కలబడ్డాయి. అంతకన్నా ముఖ్యమైంది 2002లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు తేల్చింది: పుట్టిన తొలి వారాల్లో మెదడు ముందు భాగంలో ఆ 1ఎ రిసెప్టర్ ఉంటే చాలు, పెద్దయ్యాక ఆపేసినా ఎలుక మామూలుగానే ఉంది. అంటే జన్యువు ఉందా లేదా అన్నదే కాదు, ఎప్పుడు ఎక్కడ పనిచేసిందన్నదీ లెక్కలోకి వస్తుంది. మనుషుల్లో ఇలా ఒక్క జన్యువు మీద పెట్టుకున్న ఆశలు తర్వాతి పెద్ద పరిశోధనల్లో నిలబడలేదు. అమ్మకుంటే మీకు వచ్చే అవకాశం కొంత ఎక్కువే, కానీ ఆందోళన జబ్బు తేల్చే జీన్ టెస్టు లేదు, దానికి డబ్బు తగలేయకండి.

ఆ డబ్బులో కొంచెంతో థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, ఒక ఈసీజీ చేయించండి, దడకి కారణం అక్కడే దొరకొచ్చు. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఆగిపోతుందేమోనని రాత్రంతా గట్టు మీద కూర్చుని గంటకో టీ తాగుతుంటే ఎవరికైనా నిద్ర చెడుతుంది, అది కూడా డాక్టర్‌కి చెప్పండి.

మిమ్మల్ని చూడకుండా డోసు గురించి నేనేమీ చెప్పలేను. ఈ వారంలోనే సైకియాట్రిస్ట్‌ని కలవండి, వాడే స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్ళండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ క్షణమే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఇంకోటి, అమ్మ డబ్బాలో మాత్రలు లెక్కపెట్టి చూడండి. మీరు తీసుకున్నన్ని రోజులూ ఆవిడకి డోసు తప్పిందేమో, ఆ సంగతి ఆవిడ డాక్టర్‌కి తెలియాలి.