బీఎస్‌6 టర్బో పికప్‌కి ఏ ఇంజిన్ ఆయిల్, ఎప్పుడు మార్చాలి?

అన్నా, మీరు అడిగినవి రెండు. సింగరాయకొండ దగ్గర రొయ్యల గుంటలకి మేత తోలడానికి, పట్టుబడి (రొయ్యలు పట్టే) రోజు ఐస్ బాక్సులు తిప్పడానికి బీఎస్‌6 (కొత్త పొగ నిబంధనల) టర్బో డీజిల్ పికప్ తీసుకున్నారు. నాన్నగారి పాత బండి కోసం కొన్న 15డబ్ల్యు-40 (ఇది చిక్కదనం నంబరు) ఆయిల్ బకెట్ ఇంట్లో సగం పైగా మిగిలి ఉంది, అది కొత్త బండికీ పోయొచ్చా అన్నది మొదటిది. సర్వీస్ సెంటర్ వాళ్లు 20,000 కిలోమీటర్లకి మార్చమంటే ఊళ్లో మెకానిక్ 5,000కే మార్చమన్నాడు, ఎవరి మాట వినాలి అన్నది రెండోది.

ఆ బకెట్ కొత్త బండికి పోయకండి. ఇక మార్చే లెక్క ఒక్క కిలోమీటర్లతో తేలేది కాదు, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చూడాలి. నాది ఇందుకూరుపేట వైపు. మా బండ్లదీ ఇదే పని కాబట్టి మీ వాడకం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు బకెట్ సంగతి. దాని వెనక చిన్న అక్షరాల్లో ఏపీఐ సీహెచ్-4 అనో, సీఐ-4 ప్లస్ అనో ఉంటుంది చూడండి, అమెరికా సంస్థ ఏపీఐ ఆయిల్ నాణ్యతకి పెట్టిన రకాల పేర్లు అవి. అవి చెడ్డ ఆయిల్స్ కావు, పాత బండికి సరిపోయేవే. ఒకప్పుడు డీజిల్‌లో గంధకం ఎక్కువ. అది కాలినప్పుడు పుట్టే ఆమ్లం ఆయిల్‌లోకి దిగేది. దాన్ని విరిచేయడానికి కాల్షియం, మెగ్నీషియం లాంటి లోహాలున్న మందులు ఆయిల్‌లో దండిగా కలిపేవాళ్లు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్‌6 డీజిల్ వచ్చింది. బీఎస్‌4 డీజిల్‌లో గంధకం కిలోకి 50 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, ఇప్పుడు 10 దాటకూడదు. ఆమ్లం బెడద తగ్గింది, దాని బదులు పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ వచ్చి కూర్చుంది.

ఎంత మంచి ఇంజిన్ అయినా ఎంతో కొంత ఆయిల్ కాలుతూనే ఉంటుంది. అందులోని ఆ లోహాలు బూడిదై పోయి డీపీఎఫ్‌లో చేరతాయి. మసి అయితే బండి తనంతట తానే అక్కడ 600 డిగ్రీల దాకా వేడి పుట్టించి కాల్చేసుకుంటుంది, రీజెన్ అనేది దాన్నే. బూడిద అలా పోదు, పొయ్యి ఎంత మండించినా బూడిద మిగిలినట్టే అందులోనే ఉండిపోతుంది. సీఐ-4 రకాల్లో బూడిదకి పరిమితే పెట్టలేదు. 2016 చివర్లో వచ్చిన కొత్త ఏపీఐ రకం సీకే-4లో అది 1.0 శాతం దాటకూడదు. యూరప్ బండ్ల కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన సీ2, సీ3 రకాల్లో ఇంకా తక్కువ, 0.8 శాతం. మీ ఓనర్ పుస్తకంలో సీ3 అని రాసి ఉంటే సీకే-4 ఉంది కదా అదే చాల్లే అని షాపులో అన్నా ఒప్పుకోకండి. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చుకి ఆయిల్‌లో మిగిల్చిన డబ్బు ఏ మూలకీ చాలదు.

తిరగేసి, అంటే కొత్త రకం ఆయిల్ పాత బండికి పోస్తే మాత్రం ఇబ్బంది లేదు. సీకే-4 ఆయిల్‌ని సీఐ-4, సీహెచ్-4 అడిగే పాత ఇంజిన్లలో వాడొచ్చు. కాబట్టి ఇకముందు రెండు బండ్లకీ కలిపి ఒకటే బకెట్ కొనాలనుకుంటే, కొత్త బండి పుస్తకం సీకే-4 చాలంటుందా, పుస్తకాల్లో రెండిటికీ ఒకే చిక్కదనం ఉందా అన్నవి చూసుకుని అది కొనండి. కంపెనీ పేరు నా దృష్టిలో రెండో విషయం. సర్వో, మ్యాక్, హెచ్‌పీ, క్యాస్ట్రాల్, షెల్, ఏదైనా సరే, డబ్బా మీద మీ పుస్తకంలోని అక్షరాలు ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం.

చిక్కదనం గురించి మనవైపు ఒక నమ్మకం గట్టిగా ఉంది. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎండకి పల్చటి ఆయిల్ ఆగదు, 40 నంబరే పోయాలి అంటారు. బయట 30 డిగ్రీలున్నా 44 ఉన్నా, రేడియేటర్ బాగుంటే ఇంజిన్ నీళ్ల వేడి 90 అటూ ఇటూగానే ఉంటుంది, థర్మోస్టాట్ ఉన్నదే అందుకు. ఆ వేడిని లెక్కలో పెట్టుకునే ఇంజిన్ లోపలి సందులు, ఆయిల్ పంపు తయారుచేస్తారు. 5డబ్ల్యు-30 అడిగే ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే మేలు జరగదు సరికదా, తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు టర్బో దాకా చేరడం ఆలస్యమవుతుంది. పుస్తకంలో ఉష్ణోగ్రతల పట్టీ ఉండి, మన వేడికి 40 కూడా వాడొచ్చని అందులో ఉంటే, ఎప్పుడూ ఫుల్ లోడ్ లాగేవాళ్లు 40 తీసుకోవచ్చు. పట్టీలో లేనిది మాత్రం వద్దు.

టర్బో అన్నాను కదా, ఆయిల్ విషయంలో ఇంత పట్టుదల ఎందుకో అక్కడే ఉంది. ఇంజిన్ పొగ బలంతో తిరిగి లోపలికి గాలి నెట్టే చక్రాల జత అది, దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర మాత్రమే. ఒక పక్క చక్రానికి వందల డిగ్రీల పొగ కొడుతూ ఉంటుంది. లోడుతో దోర్నాల ఘాట్ ఎక్కి, టీ కొట్టు కనపడగానే టక్కున కీ తిప్పేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది, ఇరుసు చుట్టూ ఉన్న ఆయిల్ ఆ వేడికి మాడి గట్టి పెచ్చులా కడుతుంది. అలా మాడుతూ పోతే సన్నటి ఆయిల్ దారి మూసుకుపోతుంది. హైవే మీద గట్టిగా తోలి వచ్చినా, ఘాట్ ఎక్కినా ఒక నిమిషం, ఎండాకాలమైతే రెండు నిమిషాలు ఐడిల్‌లో (బండి నిలబెట్టి, ఇంజిన్ మాత్రం తిరిగేలా) ఉంచి ఆపండి. పొద్దున స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ తొక్కకండి. డ్రైవర్‌ని పెట్టుకుంటే ఈ రెండు మాటలు మొదటి రోజే చెప్పండి.

ఇప్పుడు ఎన్నాళ్లకి మార్చాలన్నది. పుస్తకంలోని 20,000 అబద్ధం కాదు, మెకానిక్ చెప్పిన 5,000 మూర్ఖత్వమూ కాదు. ఇద్దరూ వేరే వేరే బండ్ల గురించి మాట్లాడుతున్నారు. పొదలకూరు నుంచి నిమ్మకాయలు ఎత్తుకుని చెన్నై హైవే ఎక్కి ఒకే వేగంతో పోయే బండికి ఆయిల్ సుఖంగా ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది, తేమ ఆవిరైపోతుంది, రీజెన్ మధ్యలో తెగదు. మన పని అలా ఉండదు. గుంట కట్టల మీద మొదటి రెండు గేర్లలో పాకడం, బస్తాలు దించేదాకా ఇంజిన్ ఆన్‌లో ఉంచడం, పట్టుబడి రోజు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) తేలి తూకం అయ్యేదాకా క్యాబిన్‌లో ఏసీ వేసుకుని కూర్చోవడం. ఓడోమీటర్ కదలదు, ఆయిల్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

ఐడిల్‌లో గడిచిన ప్రతి గంటనీ 40 కిలోమీటర్లుగా లెక్కేయడం ఒక పద్ధతి, నేను అదే పాటిస్తాను. ఉదాహరణకి మీ బండి రోజుకి 60 కిలోమీటర్లు తిరిగి, రెండు గంటలు నిలబడి నడుస్తుందనుకోండి. ఆయిల్‌కి అది 140 కిలోమీటర్లు. పుస్తకంలోని 20,000లో సగం, అంటే 10,000 కిలోమీటర్ల అరుగుదల 71 రోజుల్లో పూర్తవుతుంది, అప్పటికి ఓడోమీటర్ మీద 4,300 కూడా దాటదు. మెకానిక్ చెప్పిన 5,000 గాలిలోంచి వచ్చింది కాదని దీంతో అర్థమవుతుంది. ఓనర్ పుస్తకాల్లో చాలావాటిలో దుమ్ము, ఎక్కువ ఐడిల్, చిన్న చిన్న ట్రిప్పులు, ఫుల్ లోడ్ ఉంటే ముందే మార్చమని వేరే పట్టీ ఉంటుంది. సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో ఆ పేజీ ఎవరూ తిప్పి చూపించరు. మీరే తెరిచి చదవండి. మీ వాడకానికి నేనైతే పుస్తకం చెప్పిన దాంట్లో సగానికి, పైన చెప్పిన గంటల లెక్కకి, ఏది ముందొస్తే దానికి మార్చేస్తాను. క్రాప్ హాలిడే ఇచ్చి బండి పెద్దగా తిరగకపోయినా ఏడాదికొకసారి మార్చాల్సిందే.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు బండి పంపే పని ఉంటే ఎయిర్ ఫిల్టర్ గురించి ఆయిల్ కంటే ఎక్కువ భయపడాలి. ఆ రాతి పొడి లోపలికి పోతే టర్బో రెక్కల్నీ సిలిండర్నీ అరగదీసి ఆయిల్‌లోకి చేరుతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా లాభం లేదు.

వారానికొకసారి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తీసి చూడటం అలవాటు చేసుకోండి. బండి సమతలంగా ఉండాలి, కట్ట వాలు మీద చూడకూడదు. ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి, ఒకసారి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. పాత బండ్లలో లెవెల్ తగ్గిందా అని ఒక్కటే చూసేవాళ్లం. ఈ బండ్లలో పెరిగిందా అని కూడా చూడాలి. రీజెన్ కోసం చాలా ఇంజిన్లు సిలిండర్లోకి అదనంగా డీజిల్ కొడతాయి. రీజెన్ మధ్యలో బండి ఆపేస్తే కొంత డీజిల్ కాలకుండా గోడల వెంట ఆయిల్‌లోకి దిగిపోతుంది. కడ్డీ మీద పై గీత దాటి ఆయిల్ కనపడి, వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారుతూ డీజిల్ వాసన వస్తుంటే కిలోమీటర్లు చూడకండి, వెంటనే మార్చండి. పల్చబడిన ఆయిల్ టర్బో ఇరుసుని మోయలేదు. లెవెల్ మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే పీల్చి కాలుస్తూ కీ తీసినా ఆగకుండా పరిగెత్తే ప్రమాదం కూడా ఉంది. రీజెన్ లైట్ వెలిగితే టంగుటూరు దాకా హైవే మీద ఒక రౌండ్ కొట్టి పూర్తి కానివ్వండి.

రంగు చూసి టెన్షన్ పడకండి. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొన్ని రోజులకే నల్లబడుతుంది, మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే. పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే మాత్రం నీళ్లు కలిశాయని అర్థం, బండి తోలకుండా మెకానిక్‌ని పిలవండి.

మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తవి వేయాలి. ఫ్లష్ ఆయిల్, ఇంజిన్‌లో కలిపే సీసా మందులు అక్కర్లేదు. ఆయిల్ డబ్బాలు బంకులోనో, కంపెనీ డీలర్ దగ్గరో బిల్లుతో కొనండి, సీల్ మీ కళ్ల ముందే తీయించండి. ఖాళీ డబ్బాకి మేకుతో రంధ్రం కొట్టి పారేయండి, లేకపోతే అది నకిలీ ఆయిల్‌తో నిండి మళ్లీ ఏదో షాపులో తేలుతుంది. పాత ఆయిల్‌ని గుంటల దగ్గర నేల మీద ఒంపనివ్వకండి, వాన పడితే అది నేరుగా మీ నీళ్లలోకే పోతుంది. వేస్ట్ ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చేయండి.

వారెంటీలో ఉన్నంత కాలం పుస్తకం చెప్పిన సర్వీసులు సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి. మధ్యలో బయట అదనంగా ఆయిల్ మార్పిస్తే బిల్లు మీద ఆయిల్ రకం, ఓడోమీటర్ నంబర్ రాయించుకుని ఫోటో తీసి దాచండి. రేపు టర్బో విషయంలో మాట వస్తే అవే అడుగుతారు. మిగిలిన బకెట్ మూత గట్టిగా బిగించి నీడలో పెట్టండి, నాన్నగారి బండికి వచ్చే మార్పుకి పనికొస్తుంది. మీ పుస్తకంలో ఆయిల్ పేజీ, సర్వీస్ పట్టీ పేజీ రెండూ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి ఏ రకం కొనాలో చెప్తాను.