ఆదివారం మౌనం: జమ్మికుంట టీచరుగారి ప్రశ్న

ప్రశ్న: మేడమ్, మాది జమ్మికుంట. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. మావారు పోయాక నిద్ర పట్టని రోజుల్లో హైదరాబాదులోని విపశ్యన (ఒంట్లో కలిగే అనుభూతులను మౌనంగా గమనించే ధ్యానం) కేంద్రంలో పది రోజుల శిబిరానికి వెళ్లాను. తర్వాత ఇంకోసారి కూడా వెళ్లాను. నాలో వచ్చిన మార్పు చూసి తోటి ఉపాధ్యాయినులు, ‘సెలవుల్లో మన బడిలోనే మూడు రోజుల ధ్యాన శిబిరం పెట్టు, మేమూ కూర్చుంటాం’ అంటున్నారు. ‘పది రోజులు నోరు మూసుకుని కూర్చుంటే నీకేం వచ్చింది? ఇప్పుడు ఊరినీ కూర్చోబెడతావా?’ అని మా తమ్ముడు నవ్వుతున్నాడు. నేను నడపవచ్చా? దానివల్ల మేలుందా?

జవాబు: ముందు మీ తమ్ముడి సంగతి చూద్దాం. ఇంట్లో కూర్చున్నప్పుడు మోకాలు నొప్పి పుడితే పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి, లేచిపోతాం. శిబిరంలో ఆ వీలు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట, నాలుగున్నరకు ధ్యానం, రాత్రి తొమ్మిది దాకా అదే వరస. ఫోను లేదు, పుస్తకం లేదు, పక్కవారితో మాట లేదు. మొదటి మూడు రోజులూ శ్వాసను గమనించడమే పని. నాలుగో రోజున గానీ విపశ్యన నేర్పరు. మూడో రోజుకల్లా చాలామంది సంచి సర్దుకుంటారు, కనీసం మనసులో. అయినా ఉండిపోయినవారికి తమ చిరాకు ఎక్కడ పుట్టి ఎంతసేపు నిలిచి ఎలా పోతుందో మొదటిసారి కనబడుతుంది. ఇది మాటలతో చెబితే అర్థమయ్యేది కాదు కాబట్టి తమ్ముడితో వాదన పెట్టుకోకండి.

ఇక నడపడం. మీరు అక్కడ నేర్చుకున్నదాన్ని అదే పేరుతో బడిలో నేర్పించకూడదు. ఆ సంప్రదాయంలో సూచనలు, దాన్ని మన దేశంలో నేర్పిన గురువు గోయెంకాగారి రికార్డు చేసిన గొంతులో వస్తాయి, అనుమతి పొందిన సహాయక ఆచార్యులు మాత్రమే శిబిరం నడుపుతారు. ఆ గోయెంకాగారే బర్మాలో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గర 1955లో మొదలుపెట్టి, మన దేశంలో మొదటి శిబిరం నడిపింది 1969లో. మీకు తొందరేముంది?

మీకు తెరిచి ఉన్న తలుపు ఇంకొకటుంది. పది రోజుల శిబిరం పూర్తిచేసినవారు తర్వాతి శిబిరానికి ధర్మసేవకు వెళ్లవచ్చు. కూరగాయలు తరగడం, వడ్డించడం, వేళకు గంట కొట్టడం, హాలు ఊడ్వడం. అక్కడ రుసుము ఉండదు. మీరు మొదటిసారి తిన్న అన్నం మీకు ముందు కూర్చున్నవారెవరో ఇచ్చిన దానంతో వండింది. ఆ వంటగదిలో కొన్నాళ్లు నిలబడండి. శిబిరమంటే కళ్లు మూసుకోవడం మాత్రమే కాదనీ, నలుగురు నిశ్చింతగా కళ్లు మూసుకోవడానికి వెనక ఎంతమంది కళ్లు తెరిచి ఉండాలో తెలుస్తుంది.

అలాగని మీ స్నేహితురాళ్లను ఉత్త చేతులతో పంపమనను. ఏ సంప్రదాయం పేరూ పెట్టకుండా, మూడు రోజులు కాదు, ఒక్క ఆదివారం కలిసి మౌనంగా కూర్చోండి. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో ఒక వైద్య కళాశాలలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణలోనూ ఇలాంటి మౌనపు రోజు ఒకటి ఉంటుంది. అరగంట శ్వాస, అరగంట వేపచెట్ల కింద మెల్లగా నడక, మళ్లీ శ్వాస. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు. మోకాళ్ల నొప్పులున్నవారికి కుర్చీలు. మేలో వద్దు, మన ఎండకు ధ్యానం సంగతి దేవుడెరుగు, వడదెబ్బ ఖాయం. బతుకమ్మ రోజుల్లోనూ వద్దు. మైకులు మోగుతుంటే శ్వాస దొరకదు, అయినా అప్పుడు ఆడుకోవాలి గానీ కూర్చోవడమేమిటి?

నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. హనుమకొండలో ఇలాంటి ఆదివారాలు నడుపుతుంటాను. నడిపే రోజు నాకు రాత్రి డ్యూటీ లాంటిది. అందరూ కళ్లు మూసుకున్నాక ఒకరి ఊపిరి వేగం పెరుగుతుంది, ఇంకొకరి భుజాలు కదులుతాయి. ఏడుస్తున్న మనిషి దగ్గరకు పరుగెత్తాలనిపిస్తుంది. కొన్నిసార్లు ఆగాలి, కొన్నిసార్లు వెంటనే బయటకు తీసుకెళ్లి కళ్లు తెరిపించి మంచినీళ్లివ్వాలి. ఏది ఎప్పుడో తేల్చుకోవడం నాకు ఒంటరిగా కూర్చున్న ఏ శిబిరంలోనూ రాలేదు. నడపడం వల్ల మేలుందా అంటే, నాకు తెలిసిన మేలు ఇదే. ఆ రోజు మీ సొంత ధ్యానం కుదరదు. దానికోసం ఏడాదికొకసారైనా సాధకురాలిగా వెళ్లి వెనక వరుసలో కూర్చోండి.

ఒక హెచ్చరిక. మన దగ్గర ఎవరు కళ్లు మూసుకున్నా పక్కన ఒక హారతి పళ్లెం తయారవుతుంది. ఎవరైనా కాళ్లకు మొక్కబోతే, ఆ చేతికి వడ్డించే గరిటె ఇవ్వండి.

డబ్బు తీసుకోవద్దు, భోజనం ఖర్చు పంచుకోండి. ముందురోజే ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడండి. మానసిక వ్యాధికి మందులు వాడేవారిని, ఈమధ్యే మనసుకు పెద్ద దెబ్బ తగిలినవారిని డాక్టరును అడగకుండా కూర్చోబెట్టకండి, ఎవరి మాత్రలూ మాన్పించకండి. షుగరున్నవారు వేళకు తినాలి, మౌనం పేరుతో ఆలస్యం చేయవద్దు. పొద్దున ఫోన్లు తీసుకుని బీరువాలో పెడతారు కాబట్టి, బడి కాపలాదారు నంబరు అందరినీ ముందే ఇళ్లలో ఇచ్చి రమ్మనండి. పిల్లాడు పడ్డాడని కబురొస్తే తల్లికి ఆ క్షణమే తెలియాలి.