పతాక సన్నివేశం అంటే ఆఖరి సీనేనా?

సందేహం: మాస్టారూ, మాది బొబ్బిలి. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడు సినిమాల్లో ఆఖరిది, ‘ది రిటర్న్ ఆఫ్ ద కింగ్’ మళ్లీ చూసి నాలుగు ముక్కలు రాసుకున్నాను. చివర్లో ఓడ ఎక్కి వెళ్లిపోయే సీనుని ‘పతాక సన్నివేశం’ అన్నాను. అది తప్పని మా అన్నయ్య ఒకటే గొడవ. ఆఖర్న వచ్చేదే కదా పతాక సన్నివేశం?

సమాధానం: ఈసారికి మీ అన్నయ్యదే గెలుపమ్మా. పతాక సన్నివేశం అంటే క్లైమాక్స్, కథలో బిగువు ఇంక పెరగడానికి వీల్లేనంత పైకి వెళ్లిన చోటు. మన సినిమాల్లో విలన్ చచ్చిన రెండో నిమిషానికి అందరూ గ్రూప్ ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి నవ్వేస్తారు, శుభం కార్డు పడిపోతుంది, అందుకే పతాకా ముగింపూ ఒకటే అనిపించడం మనకి అలవాటైపోయింది. 2003లో వచ్చిన ఈ సినిమా అలా కాదు. మూడు సినిమాల బరువు దించాలి మరి, నిడివే 3 గంటల 21 నిమిషాలు. శత్రువు బలమంతా దాగున్న ఉంగరం నిప్పుల కొండలో పడి కరిగిపోవడం పతాక. ఆ తర్వాత పట్టాభిషేకం, సొంతూరు చేరడం, ఓడరేవు, ఇదంతా ముగింపు. ఎన్నిసార్లు ముగిస్తార్రా బాబూ అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు (నాకైతే ఆ రేవు సీనే ఇష్టం).

మన జిల్లావాళ్లకి ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. విజయనగరం పైడితల్లమ్మ సంబరంలో సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. మాను కొసన పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడే, అదీ పతాక. పొరుగూరి జనం ఆ రాత్రికే బస్సెక్కేస్తారు గానీ పండగ అక్కడితో అయిపోదు, తెప్పోత్సవం ఉంది, ఉయ్యాల కంబాల ఉంది.

ముగింపుకి పెద్దమాటే కావాలంటే ‘ఉపసంహారం’ అనండి. వదిలిన అస్త్రాన్ని వెనక్కి తీసుకోవడాన్నీ ఉపసంహరించడమనే అంటాం.

ఇక్కడో తిరకాసుంది. సంస్కృత నాటకశాస్త్రంలో పతాక అంటే క్లైమాక్స్ కానే కాదు! బీజం, బిందువు, పతాక, ప్రకరి, కార్యం అని ఐదు అర్థప్రకృతులు, అంటే కథని ఫలం దాకా నడిపించే సాధనాలు, చెప్పారు, వాటిలో పతాక అంటే అసలు కథకి సాయపడుతూ చాలా దూరం దాని వెంటే నడిచే ఉపకథ. రామకథలో సుగ్రీవుడిది అలాంటిది. రాముడికి సాయం చేస్తాడు, తన రాజ్యమూ దక్కించుకుంటాడు. ఆ లెక్కన ఈ సినిమాలో పతాక, పేరులోనే ఉన్న ఆ రాజుది. ఉంగరం మోసేది ఫ్రోడో, శత్రువు చూపుని తన వైపు తిప్పుకుని అతనికి దారి చేసేది ఆరగార్న్, కిరీటం దక్కేదీ ఆరగార్న్‌కే. ఇప్పటి వాడుకలోని పతాకలో మిగిలింది పైన ఎగిరే జెండా పోలికొక్కటే. అంతగా పాతుకుపోయిన మాటని ఇప్పుడు పీకక్కర్లేదు.

కాబట్టి ఓడ సీను దగ్గర ‘ముగింపు’ అని దిద్దుకోండి. మీ అన్నయ్యని మాత్రం సుగ్రీవుడి సంగతి అడిగి చూడండి, ఏమంటాడో.